దెయ్యం రాకముందే భయపెట్టాలి!

హారర్ కథ రాద్దామని కూర్చోగానే చాలామంది ముందు అమావాస్య పెట్టేస్తారు. తర్వాత తెల్లచీర, విరబోసిన జుట్టు, కిర్రుమనే తలుపు. ఇవన్నీ చదివి చదివి మనకి అలవాటైపోయాయి. అలవాటైనదానికి ఎవరు జడుస్తారు చెప్పండి? నా లెక్కలో, తెలిసిన చోట ఒకే ఒక్క విషయం తేడాగా ఉంటేనే అసలు భయం.

మా నిజామాబాద్ జిల్లానే తీసుకుందాం. బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైంది నిజాం షుగర్స్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు. 2015 డిసెంబర్‌లో మూతపడింది. హారర్‌కి మస్తు లొకేషన్ కదా! ‘ఫ్యాక్టరీలోంచి వికృతమైన నవ్వు వినిపించింది’ అని రాసేయొచ్చు. కానీ చదివేవాళ్లు ఆగరు, స్క్రోల్ చేసేస్తారు.

అదే చోట నేను ఊహించిన ఇంకో కథ చూడండి.

క్వార్టర్స్‌లో ఒక ముసలాయన. ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేశాడు. ఓరోజు తెల్లవారుజామున లేచి ఖాకీ చొక్కా తొడుక్కుంటాడు. ‘సైరన్ కొట్టింది, డబ్బా కట్టు’ అంటాడు భార్యతో. ఫ్యాక్టరీ బందై ఏళ్లయిందని ఆమెకి తెలుసు. ఏదో సర్దిచెప్పి పడుకోబెడుతుంది. రెండోరోజూ అంతే. మూడోరోజు ఆయన లేవలేదు, గాఢనిద్రలో ఉన్నాడు. సైరన్ ఆమెకి వినిపించింది.

ఎక్కడా దెయ్యం లేదు. మరి ఒళ్లు ఎందుకు జలదరిస్తుంది?

ముందు నమ్మించాలి

ఖాకీ చొక్కా, టిఫిన్ డబ్బా మనకి తెలిసినవే. మొదటి రెండు రోజులూ ‘పాపం, పెద్దాయనకి మతి తప్పింది’ అనుకుంటాం. మూడోరోజు ఆ సమాధానమే చేజారిపోతుంది. మొదటిరోజే ఆమెకీ వినిపిస్తే ఇంత పట్టు ఉండదు.

పోయేదేంటో చూపించాలి

పని పోయింది. ఇప్పుడు భర్త చేయి జారిపోతాడేమోనని ఆమె దిగులు. ఆ దిగులు మనకి అంటకపోతే ఎన్ని సైరన్లు మోగినా దండగే. పైగా ఇలాంటి చోట నిజంగానే బతుకుతెరువు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. వాళ్ల బాధని వదిలేసి ఖాళీ షెడ్డుని మాత్రమే వాడుకుంటే అది కథ కాదు, ఉత్త సెట్టింగ్.

అంతా చెప్పేయొద్దు

సైరన్ ఎవరు కొట్టారు? చెప్పను. ఏపుగా పెరిగిన చెరుకుతోట పక్కన నడిచారా ఎప్పుడైనా? లోపల ఏముందో కనపడదు, ఆకుల గలగల మాత్రం వినిపిస్తుంది. మిగతాది మన బుర్రే అల్లేస్తుంది. స్మార్ట్‌ఫోన్లు లేని రోజుల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వచ్చి జనాన్ని ఊపేసింది. ఒక పక్క మందు, ఇంకో పక్క మంత్రం. ఏది నిజమో తేల్చుకోలేక పాఠకులు ఊగిసలాడారు. పైగా తర్వాతి భాగం కోసం వారం రోజులు ఆగాలి. ఆ వారమంతా రచయిత పని పాఠకుల ఊహే చేసిపెట్టింది.

మీరూ ట్రై చేయండి. మీ ఇంట్లో రాత్రిపూట రోజూ వినిపించే చప్పుడు ఒకటి ఎంచుకోండి. ఫ్యానో, గోడ గడియారమో, నాయనమ్మ దగ్గో. ఒక పేజీ అంతా దాన్ని మామూలుగా వినిపించండి. చివరి లైన్లో ఆపేయండి.