మెడనొప్పికి మూలం బల్ల దగ్గరే!
కార్యాలయాలలో కుర్చీ, బల్ల, తెరల పరీక్షకు శిక్షణ ఎందుకు?

మెడ పట్టడం, భుజాల బరువు, నడుము నొప్పి అనగానే ఒకప్పుడు బస్తాలు మోసేవారు, పొలంలో వంగి నాట్లు వేసేవారు గుర్తుకు వచ్చేవారు. నేడు ఈ బాధలతో, వీటికి తోడు కళ్ళ మంటతో నా వద్దకు వచ్చేవారిలో అధికులు రోజుకు ఎనిమిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగులే.

ఆయుర్వేదంలో చికిత్సకు మొదటి మెట్టు నిదాన పరివర్జనం. అనగా, వ్యాధికి కారణమైన దానిని తొలగించడం. మన్యాస్తంభం, అనగా మెడ బిగుసుకొనిపోవడం, ఎందుకు కలుగుతుందో చెబుతూ సుశ్రుతుడు కూర్చునే తీరును, నిలబడే తీరును, చూపు నిలిపే తీరును కూడా లెక్కలోనికి తీసుకున్నాడు. కారణం కార్యాలయంలో ఉండగా తైలం ఇంట్లో ఎంత మర్దించినా ఉపశమనమే గాని నివారణ కలుగదు.

లెక్కల విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగిని కుడివైపు మెడ, భుజం నొప్పితో వచ్చింది. అభ్యంగనం, స్వేదనంతో మూడు వారాలలో నొప్పి తగ్గింది. నెల తిరుగక ముందే మళ్ళీ వచ్చి, “వైద్యులు గారూ, సెలవు రోజుల్లో హాయిగా ఉంటుంది. పనిలోకి వెళ్ళిన రెండో రోజుకే మెడ తిరగడం లేదు. ఉద్యోగం మానేయమంటారా?” అని అడిగింది. ఆమె జీతంపై ఇల్లు నడుస్తున్నది. “ఉద్యోగం కాదమ్మా, కూర్చునే తీరు మార్చాలి. నీవు కూర్చునే చోటును ఎవరైనా చూచి చెప్పగలరా?” అన్నాను. అదృష్టవశాత్తు, ఆమె కార్యాలయంలో అప్పుడే కొందరు ఉద్యోగులకు ఆ విద్యలో శిక్షణ ఇస్తున్నారు.

ఈ పద్ధతి ఎక్కడిది?

తెరల ముందు పనిచేసేవారి రక్షణకై ఐరోపా దేశాలు 1990లో ఒక ఉమ్మడి ఆదేశం వెలువరించాయి. దానిని అనుసరించి బ్రిటన్ 1992లో నియమావళి రూపొందించి, 1993 జనవరి 1 నుండి అమలులో పెట్టింది. నిత్యం తెర ముందు పనిచేసే ఉద్యోగి పనిస్థానాన్ని యజమాని పరిశీలింపజేయాలి. కనబడిన దోషాలను తగ్గించాలి. పని మధ్య విరామమో, పనిలో మార్పో కల్పించాలి. ఉద్యోగి కోరితే నేత్రపరీక్ష చేయించాలి. ఈ పరిశీలనకు వైద్యుడే రానక్కరలేదు. తగిన శిక్షణ పొందిన సహోద్యోగి చేయవచ్చు. మన హైదరాబాదులోనూ కొన్ని సంస్థలు ఈ మార్గాన్ని అనుసరిస్తున్నాయి.

దర్శనం, స్పర్శనం, ప్రశ్నం

రోగిని మూడు విధాల పరీక్షించాలని గురుకులంలో మాకు నేర్పారు. చూడడం, తాకి తెలుసుకోవడం, అడగడం. కార్యాలయ పరీక్షకునికి కావలసిన శిక్షణ కూడా ఈ మూడే.

మొదటిది దర్శనం. ఎవరో చూస్తున్నారని తెలియగానే మనిషి నిటారుగా కూర్చుంటాడు. అందుచేత పరీక్షకుడు ఒక ప్రక్కగా కూర్చుని, ఉద్యోగి పనిలో లీనమయ్యే వరకు పది నిమిషాలైనా మౌనంగా వేచి ఉండాలి. అప్పుడు గడ్డం ముందుకు రావడం, ఒక భుజం పైకి లేవడం, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించడం కనబడతాయి.

రెండవది స్పర్శనం. ఇక్కడ అది కొలత టేపు. మొదట కుర్చీ, తరువాత పాదాలు, ఆ పైన తెర. ఈ క్రమం తప్పరాదు. మోచేయి సుమారు లంబకోణంలో వంగి, ముంజేయి బల్లకు సమంగా ఉండేటట్లు కుర్చీని అమర్చాలి. అప్పుడు పాదాలు నేలకు ఆనకపోతే పీట వేయాలి. మోకాలి వెనుక రెండు మూడు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉండాలి. తెర చేయి చాపినంత దూరంలో, దాని పై అంచు కంటి ఎత్తులోనో, కొంచెం దిగువనో ఉండాలి. రెండు చూపుల కళ్ళద్దాలు ధరించేవారికి తెరను ఇంకా దించాలి. లేనిచో క్రింది అద్దం గుండా చూడడానికై వారు తల వెనుకకు వంచుతారు. కిటికీ తెరకు వెనుకగానీ ఎదురుగాగానీ కాక, ప్రక్కన ఉండాలి.

బల్లలు చాలావరకు ఒకే ఎత్తులో తయారవుతాయి. పొట్టివారికి, ముఖ్యంగా స్త్రీలకు, అవి ఎత్తు కావడం, కుర్చీ పెంచితే కాళ్ళు వ్రేలాడడం సామాన్యం. దీనికి పరిష్కారం పాతికవేల రూపాయల కుర్చీ కాదు, ఒక చెక్క పీట.

మూడవది ప్రశ్నం. నొప్పి ఏ వేళ మొదలవుతుంది? సెలవునాడు తగ్గుతుందా? ఎంతసేపు లేవకుండా కూర్చుంటారు? ఈ చివరి ప్రశ్నకు ఆయుర్వేదం దృష్ట్యా మరొక ప్రాధాన్యం ఉన్నది. మలమూత్రాది వేగాలను నిరోధించరాదని చరకసంహిత సూత్రస్థానంలో ఒక అధ్యాయమే ఉన్నది. లేచి వెళితే పై అధికారి ఏమనుకుంటారో అని నీరు త్రాగడమే మానిన ఉద్యోగినులు నాకు తెలుసు. ఇటువంటి మాట వైద్యునికంటే ముందు తోటి ఉద్యోగి చెవిన పడుతుంది. రెండు గంటలకొకసారి ఇరవై నిమిషాల విరామం కంటే, గంటకొకసారి ఐదు పది నిమిషాలు లేచి తిరగడం మేలని బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ కూడా సూచిస్తున్నది.

పై ఉద్యోగిని విషయంలో పరీక్షకులు కనుగొన్నది ఇది. తెర ఎడమ మూలన ఉంది. రోజంతా ఆమె మెడ ఎడమకు తిరిగే ఉంటుంది. మౌసు మాత్రం దూరంగా కుడివైపున ఉంది. తెరను ఎదురుగా, మౌసును కీబోర్డు ప్రక్కకు జరిపి, పాదాల క్రింద పీట వేశారు. ఆ తరువాత చేసిన తైలచికిత్స నిలిచింది.

శిక్షణకు హద్దులు

పరీక్షకుడు వైద్యుడు కాడు. చేతివేళ్ళ తిమ్మిరి, రాత్రివేళ చేయి మొద్దుబారడం, పట్టు సడలడం, కాలిలోనికి ప్రాకే నొప్పి ఉన్నవారిని జాప్యం లేక వైద్యుని వద్దకు పంపాలి. మలమూత్రాలపై అదుపు తప్పితే తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. ఇక, పీట ఇప్పించే అధికారం కూడా లేని పరీక్షకుని నివేదిక బీరువాలో పడి ఉంటుంది. యాజమాన్యం ఆ అధికారం ఇవ్వాలి. నెల తరువాత మరల వచ్చి చూడడం కూడా శిక్షణలో భాగం కావాలి.

ఇంటివారు చేయదగినవి

2020 నుండి ఎందరో ఇళ్ళే కార్యాలయాలయ్యాయి. భోజనాల బల్లపై ల్యాప్‌టాప్ పెట్టుకొని మెడ వంచి పనిచేసే మీ అబ్బాయికో, కోడలికో మీరే పరీక్షకులు కండి. ల్యాప్‌టాప్‌ను నాలుగు లావుపాటి పుస్తకాలపై ఎత్తి, విడిగా కీబోర్డు, మౌసు కొనిపెట్టండి. తెర చూచేటప్పుడు రెప్పపాటు తగ్గి కళ్ళు ఆరిపోతాయి గనుక, తరచు రెప్పలార్చి దూరానికి చూడమనండి. కళ్ళలో ఇంటి రసాలేవీ పోయవద్దు.

వాపు, ఎరుపు, జ్వరం లేనప్పుడు గోరువెచ్చని నువ్వుల నూనెను మెడకు, భుజాలకు మృదువుగా రాసి, అరగంట తరువాత వేడినీటి స్నానం చేయించండి. అయితే నూనె గిన్నె చేత పట్టుకునే ముందు కొలత టేపు పట్టుకోండి.