మీకు తెలుసా? కోనసీమ సువార్త చరిత్ర ఏ పుస్తకాల్లో ఉంది?

సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే కాసేపటికి నరసాపురం. కోనసీమకి సువార్త ఎలా వచ్చిందో చదవాలనుకునేవాళ్ళకి మొదటి పేజీ ఆ అవతలి ఒడ్డునే ఉంది. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళు భార్యలతో సహా 1830ల చివర్లో అక్కడ మకాం పెట్టారు. 1836లో వాళ్ళని తనతో ఓడెక్కించి తెచ్చినాయన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్. ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టరు. అంతకు ముందు బాగ్దాద్‌లో సువార్త చెప్పి వచ్చినవాడు. వీళ్ళ వెనక మిషన్ సొసైటీ లేదు, నెల జీతం లేదు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. ఈనాటి బ్రదరెన్ సహవాసాల వేళ్ళు అక్కడే ఉన్నాయి.

ఆ నూరేళ్ళ కథ ఒకే పుస్తకంలో దొరుకుతుందని తెలుసా? ఇ.బి. బ్రోమ్‌లీ రాసిన ‘దే వర్ మెన్ సెంట్ ఫ్రమ్ గాడ్’. 1937లో బెంగుళూరులో అచ్చయింది. కోనసీమ గురించి చదివేవాళ్ళు ముందు పట్టుకోవాల్సింది దీన్నే. కాకపోతే మిషన్ వాళ్ళు తమ శతాబ్ది పండగకి రాసుకున్న పుస్తకమని మర్చిపోకూడదు. పెళ్ళివారి నోట పెళ్ళి భోజనం గురించి విన్నట్టుంటుంది.

బ్రదరెన్ మిషనరీలు ఇంటికి రాసిన ఉత్తరాలు అచ్చేయడానికే ఇంగ్లండులో 1872లో ఒక పత్రిక పుట్టింది. మొదట దాని పేరు ‘మిషనరీ ఎకో’, తర్వాత ‘ఎకోస్ ఆఫ్ సర్వీస్’ అయింది. ఆ కాగితాలు ఇప్పుడు మాంచెస్టర్ యూనివర్సిటీ జాన్ రైలండ్స్ లైబ్రరీలో, క్రిస్టియన్ బ్రదరెన్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. మన కాలవగట్ల కబుర్లు చదవాలంటే అంత దూరం పోవాలన్నమాట!

ఇక కాటన్ దొర సంగతి. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కోనసీమ ఊళ్ళలో ఆయన విగ్రహానికి దండలు వేస్తాం. ఆయన జీవితచరిత్ర 1900లో రాసింది ఎవరో తెలుసా? సొంత కూతురు ఎలిజబెత్. పెళ్ళయ్యాక లేడీ హోప్. మిషనరీల పనికి కాటన్ ఎంత అండగా ఉండేవాడో తెలియాలంటే ఈ పుస్తకం చూడాల్సిందే. అయితే ఈవిడే 1915లో ఇంకో కథ చెప్పింది. పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్ చివరి రోజుల్లో బైబిల్ చదువుతుండగా తాను చూశానంది. అప్పటికి డార్విన్ పోయి ముప్పై మూడేళ్ళు. అమెరికాలో బాప్టిస్టు పత్రిక ఒకటి దాన్ని అచ్చేసింది. డార్విన్ పిల్లలు అదంతా అబద్ధమని కొట్టిపారేశారు. ఆ కథని ఇప్పటికీ ప్రసంగాల్లో చెప్పేవాళ్ళున్నారు. అందుకని తండ్రి మీద ఆవిడ రాసింది చదివేటప్పుడు కూడా పిసరంత అనుమానం జేబులో పెట్టుకోండి.

కాకినాడకి కెనడా బాప్టిస్టులు వచ్చింది ఒక తెలుగువాడు పిలిస్తేనని తెలుసా? ఆయన థామస్ గాబ్రియేల్. టెలిగ్రాఫ్ శాఖలో ఉద్యోగం చేసినవాడు. 1874లో కెనడా మిషనరీ మెక్‌లారిన్ దొర వచ్చేనాటికే ఆయన పని సాగుతోంది. ఆ మిషన్ కథకి జాన్ క్రెయిగ్ 1908లో వేసిన ‘ఫార్టీ ఇయర్స్ అమాంగ్ ద తెలుగూస్’ ఉంది.

కోనసీమ దాటి ఒంగోలు వైపు సువార్త కథకి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ (1899) ఉంది. మాదిగల పాత నమ్మకాల గురించి, గురువుల గురించి వాళ్ళు చెప్పగా రాసుకున్న పుస్తకమిది. నన్నడిగితే దొరల పుస్తకాలన్నిటి కంటే ముందు ఇదే చదవమంటాను.

తెలుగు క్రైస్తవుల మీద వచ్చిన పుస్తకాల జాబితాయే ఒక పుస్తకంగా ఉంది తెలుసా? జేమ్స్ ఎలీషా తానేటి 2011లో వేశారు. ఆయనదే 2013లో వచ్చిన మరో పుస్తకం మిషన్ పనిలో తెలుగు ఆడవాళ్ళ గురించి. మిషనరీ రిపోర్టుల్లో ‘బైబిలు స్త్రీ’ అన్న మాట కింద పేరు లేకుండా కలిసిపోయిన మనుషులు వాళ్ళు.

ఇంగ్లీషు పుస్తకాలు బరువనిపిస్తే కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ ఉంది. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ ఉంది. దానికి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఏ లైబ్రరీలోనూ లేనిది ఇంకొకటుంది. మామ్మగారి పెట్టెలో అట్ట ఊడిన బైబిల్. మొదటి ఖాళీ పేజీలో సిరా పెన్నుతో పిల్లల పుట్టిన తేదీలు, బాప్తిస్మం ఏ రేవులో తీసుకున్నారో, ఎవరిచ్చారో. కొత్త బైబిల్ కొన్నప్పుడు పాతదాన్ని గోదాట్లో కలిపేయకండి. ఆ పేజీని ఒక్క ఫోటో తీసి దాచండి.