వడ్డాది పాపయ్య

వడ్డాది పాపయ్య (1921 సెప్టెంబరు 10 - 1992 డిసెంబరు 30) ఇరవయ్యవ శతాబ్దపు ప్రసిద్ధ తెలుగు చిత్రకారులలో ఒకరు. "వ.పా." అనే పొట్టి సంతకంతో పాఠకలోకానికి సుపరిచితులు. శ్రీకాకుళంలో జన్మించి, అనకాపల్లికి సమీపంలోని కశింకోటలో స్థిరపడ్డారు. కశింకోట 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఉన్నది.

నేపథ్యము

పాపయ్యకు చిత్రకళలో తొలి గురువు తండ్రి రామమూర్తి. బాల్యంలో రవివర్మ గీచిన కోదండరాముని పటం చూసి బొమ్మలు వేయనారంభించారని ప్రతీతి. ఇది సహజమే. రాజా రవివర్మ (1848-1906) తైలవర్ణ చిత్రాలు 1890ల నుండి ఆయన సొంత ముద్రణాలయంలో అచ్చై, దేశమంతటా ఇళ్ళ గోడలకెక్కాయి. అసలు తైలచిత్రాన్ని చూడని కోట్లమందికి అచ్చుపటమే రవివర్మ. వ.పా. కూడా ప్రజలను చేరినది ఇదే మార్గంలో, అనగా అచ్చుకాగితం ద్వారా.

పత్రికలలో

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో చందమామను ప్రారంభించారు. తొలినాళ్ళలో చిత్రా, ఎం.టి.వి.ఆచార్య, శంకర్ బొమ్మలు ఆ పత్రికకు రూపునిచ్చాయి. తరువాత వ.పా. పౌరాణిక ముఖచిత్రాలు దశాబ్దాల పాటు దానికి గుర్తుగా నిలిచాయి. చందమామ అనేక భారతీయ భాషలలో వెలువడినందున, ఆయన పేరు తెలియని కన్నడ, మరాఠీ బాలలు కూడా ఆయన బొమ్మలు చూస్తూ పెరిగారు. చక్రపాణి నడిపిన యువ మాసపత్రికలో, ముఖ్యంగా దాని దీపావళి సంచికలలో, పెద్దల కొరకు వేసిన చిత్రాలు ప్రచురితమయ్యాయి. తదుపరి కాలంలో స్వాతి పత్రికకు కూడా గీచారు.

శైలి

రవివర్మ స్ఫూర్తితో మొదలైనప్పటికీ వ.పా. మార్గం వేరు. తైలవర్ణం మెల్లగా ఆరుతుంది. అందువలన చిత్రకారుడు పొరపై పొర వేసి, వెలుగునీడలతో శరీరానికి ఘనత్వాన్ని కల్పించగలడు. రవివర్మ బలం ఇదే. వ.పా. ప్రధానంగా నీటిరంగుల చిత్రకారుడు. నీటిరంగు త్వరగా ఆరుతుంది, దిద్దుబాటుకు అంతగా లొంగదు. కాబట్టి భారమంతా రేఖపైనా, రంగుల పొందికపైనా పడుతుంది. ఆయన బొమ్మలలో దేహం కంటే ముందు కనబడేది వంపు: నడుము, జడ, చీరకొంగు, తీగ, అన్నీ ఒకే ప్రవాహంలో సాగుతాయి. కన్నులు విశాలం, వ్రేళ్ళు సన్నం. నగలు, అంచులు, కేశాలంకరణ ఒక చిత్రంలో ఉన్నట్లు మరొకదానిలో ఉండవు. నేపథ్యంలోని ఆకాశం ఊదాగానో, పసుపుగానో ఉండటానికి ఆయన సంకోచించరు. ఆ ఘట్టంలోని రసానికి ఏ రంగు తగునో అదే ఆకాశం.

కావ్యనాయికలు, ఋతువులు, పురాణఘట్టాలతో పాటు పల్లె స్త్రీలు కూడా ఆయన వస్తువులు. కావ్యనాయికకు ఎంత శ్రద్ధతో నగలు దిద్దారో, కూలి స్త్రీ చీరకట్టునూ అంతే శ్రద్ధతో గీచారు. ఇవి కేవలం క్యాలెండరు బొమ్మలని తీసిపారేసినవారు ఈ రెండవ వర్గం చిత్రాలను సరిగా చూసినట్లు లేదు. అందం మోతాదు మించినదన్న విమర్శలో మాత్రం కొంత నిజమున్నది. ఆయన లోకంలో ముసలితనం, వికారం అరుదు.

రంగుల సమస్య

దామెర్ల రామారావు (1897-1925) చిత్రాలకు రాజమహేంద్రవరంలో చిత్రశాల ఉన్నది, మూలచిత్రాలను అక్కడ చూడవచ్చును. వ.పా. చిత్రాలను అత్యధికులు చూసినది పత్రికల పుటలలోనే. ముద్రణలో ప్రతి వర్ణమూ పసుపు, ఎరుపు, నీలం, నలుపు సిరాల చుక్కలుగా విడిపోతుంది. సిరా ఎక్కువైనా, అచ్చు కొద్దిగా జరిగినా చిత్రంలోని గులాబీ రంగు ఇటుక రంగుగా మారుతుంది. దీనికి తోడు పాతకాగితం పసుపెక్కుతుంది. ఈనాడు అంతర్జాలంలో కనబడే ప్రతులలో స్కానింగు చేసినవారు తమ అభిరుచి మేరకు రంగులు పెంచినవీ ఉన్నాయి. కావున ఆయన వర్ణవిన్యాసాన్ని పరిశీలించగోరే విద్యార్థులు ఒకే ముఖచిత్రం యొక్క రెండు మూడు పాత ప్రతులను పక్కపక్కన పెట్టి చూడటం అవసరం. వాటిలో రంగులు మారవచ్చును కాని, రేఖ మారదు.