ఏలూరు రత్నకంబళ్ళు

మన నల్లజర్ల మెట్ట ప్రాంతం. ఇక్కడి నుండి గుండుగొలను మీదుగా పల్లానికి దిగితే ఏలూరు చేరుతాము. ఆ నగరంలోని తివాచీ మగ్గాలను ఇటీవల మేము సందర్శించాము.

తివాచీకి తెలుగులో రత్నకంబళి అని మరొక పేరు. ఉర్దూలో ఖాలీన్ అంటారు. ముస్లిం పాలకుల కాలంలో పారశీక దేశపు పనివారు ఈ విద్యను ఏలూరుకు తెచ్చారని ప్రతీతి. మచిలీపట్నం రేవు చేరువలో ఉండుటచే ఈ సరకు ఐరోపా వరకు వెళ్ళింది.

నేత విధానం ఇది. నిలువు మగ్గానికి నూలు పడుగు బిగిస్తారు. నేతగాళ్ళు పక్కపక్కన కూర్చుండి, నమూనాను అనుసరించి పడుగు పోగులకు రంగుల ఉన్ని దారం ముడివేసి, మిగులు కొసను కత్తితో కోస్తారు. ఒక వరుస ముగియగానే పేక పోగు దూర్చి, దువ్వెన వంటి పనిముట్టుతో గట్టిగా దట్టిస్తారు. చివరకు కత్తెరతో ఉన్నిని సమం చేస్తారు.

6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల తివాచీకి చదరపు అంగుళానికి 30 ముడుల చొప్పున 1,03,680 ముడులు కావాలి. దినానికి 5,000 వేసినా ఒక్కరికి 20 దినాలు చాలవు. యంత్రపు తివాచీలు చౌకగా దొరికే అంగడిలో ఇన్ని దినాల కూలి గిట్టడం కష్టం. నేతగాళ్ళ బిడ్డలు వేరు వృత్తులు వెదకుకొంటే వారిని తప్పుపట్టలేము.

అయితే ఈ నేర్పు పెద్దల పక్కన కూర్చుండి అభ్యసించవలసినది. ఒక తరం మానివేస్తే తరువాతి తరానికి నేర్పేవారు ఉండరు. మన విద్యార్థులు సెలవులలో ఆ మగ్గాలను దర్శించి, నేతగాళ్ళు చెప్పే నమూనాల పేర్లను, పనిముట్ల పేర్లను ఉర్దూ, తెలుగు లిపులలో వ్రాసి తేవాలని మా కోరిక. కళాశాల సంఘం వారు ఇందుకు తోడ్పడగలరని ఆశిస్తున్నాము.