రాజు ఒక ఊళ్లో, హకీమ్ ఒక ఊళ్లో: ఉత్తరాల మీద వైద్యం ఎలా నడిచింది?

గల్ఫ్‌లో పని చేసే కొడుక్కి ఒంట్లో బాగోలేకపోతే రిపోర్టులు ఫొటో తీసి హైదరాబాద్‌లో తెలిసిన డాక్టర్‌కు వాట్సాప్‌లో పంపడం మన ఇళ్లలో మామూలైపోయింది. అక్కడి డాక్టర్ రాసిన మందు ఒకటి, ఇక్కడి డాక్టర్ చెప్పేది ఇంకొకటి. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. మరి ఎవరి మాట వినాలి?

ఈ తిప్పలు ఫోన్‌తో పుట్టినవి కావు. సుమారు 800 ఏళ్ల కింద సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ పెద్ద కొడుకు మలిక్ అల్-అఫ్దల్‌కు అచ్చం ఇదే పరిస్థితి వచ్చింది. చుట్టూ హకీమ్‌లు ఉన్నారు. కానీ వాళ్లలో వాళ్లకే మాట కలవలేదు. దాంతో తన జబ్బు లక్షణాలు, తన హకీమ్‌లు చెప్పినవి అన్నీ రాయించి ఈజిప్టులో ఉన్న ఒక పెద్ద వైద్యుడికి పంపించాడు. ఆ వైద్యుడు మూసా ఇబ్న్ మైమూన్. యూరప్ వాళ్లు మైమోనిడీస్ అంటారు.

మూసా ఇబ్న్ మైమూన్ యూదుడు. పుట్టింది స్పెయిన్‌లోని ఖుర్తుబాలో, స్థిరపడింది కైరో పక్కనున్న ఫుస్తాత్‌లో. వైద్య గ్రంథాలన్నీ అరబీలోనే రాశాడు. మొదట్లో ఇల్లు గడిచింది తమ్ముడు దావూద్ వ్యాపారం మీద. హిందుస్తాన్ వైపు సరుకు కోసం బయలుదేరిన తమ్ముడు హిందూ మహాసముద్రంలో ఓడ మునిగి చనిపోయాడు. అతనితో పాటే కుటుంబం పెట్టుబడి, ఇతరులు నమ్మి ఇచ్చిన సొమ్ము కూడా పోయాయి. ఆ తర్వాతే వైద్యం ఆయనకు బతుకుదెరువైంది. సలాహుద్దీన్ దర్బారులో చక్రం తిప్పిన అల్-ఖాదీ అల్-ఫాదిల్ ఆయనను చేరదీశాడు.

ఇక అల్-అఫ్దల్ సంగతి. 1193లో తండ్రి పోయాక డమాస్కస్ గద్దె ఎక్కాడు. మూడేళ్లకే బాబాయి అల్-ఆదిల్, తమ్ముడు అల్-అజీజ్ కలిసి దింపేశారు. మలబద్ధకం, అజీర్ణం, ఏవేవో దిగులు ఆలోచనలు, చావు భయం. ఇవీ ఆయన బాధలు. గద్దె పోయిన మనిషికి చివరి రెండూ రాకపోతేనే వింత! 1198 ప్రాంతంలో మూసా ఆయన కోసం ఆరోగ్య నియమాల మీద నాలుగు భాగాల పుస్తకం రాసి ఇచ్చాడు. అందులో రెండో భాగం మొత్తం ఒకే విషయం మీద: దగ్గర్లో వైద్యుడు లేకపోతే, ఉన్నా పనికిరానివాడైతే ఏం చేయాలి? తెలియనివాడి చేతిలో పడటం కన్నా తిండి సరిచేసుకుని ఒంటిని దాని దారికి వదిలేయడమే మేలని ఆయన లెక్క. ఆ కాలపు మందుల బలం, రక్తం తీసే పద్ధతులు గుర్తుపెట్టుకుని చదివితే ఈ మాట ఎంత గట్టిదో తెలుస్తుంది.

కొన్నాళ్లకు రెండో ఉత్తరం వచ్చింది. ఈసారి అసలు చిక్కు జబ్బు కాదు, హకీమ్‌ల గొడవ. ఒకరు రక్తం తీయమన్నారు, ఒకరు వద్దన్నారు. స్నానం, నిద్ర, మందు, తిండి, దేనిమీదా ఒక మాట లేదు. మూసా రాసిన జవాబు ఈరోజు కూడా దొరుకుతుంది. ఆ జవాబులో ఒక్కో సలహానూ విడివిడిగా తీసుకున్నాడు. వాళ్లలో ఒకరు ఇలా అన్నారు, ఇది సరైనదే. ఇంకొకరు ఇలా అన్నారు, ఇది తప్పు, కారణం ఇదీ. ఇలా ఒకదాని వెంట ఒకటి తేలుస్తూ పోతాడు. అన్నీ పక్కన పడేసి నా నుస్ఖా ఒక్కటే వాడండి అనలేదు. అక్కడి వాళ్లు సరిగ్గా చెప్పినదాన్ని సరే అని ఒప్పుకున్నాడు కూడా. ఆయన చెప్పిన మందుల్లో లిసాన్ అస్-సౌర్ ఒకటి, అంటే ‘ఎద్దు నాలుక’. మన యునానీ దుకాణాల్లో గావ్‌జబాన్ పేరుతో అమ్మే మూలిక ఇదే.

ఇక్కడ ఒక మాట దాచడం సరికాదు. ఆ కాలపు వైద్యం ప్రకారం మూసా ఇచ్చిన సలహాల్లో ద్రాక్షసారా, సంగీతం కూడా ఉన్నాయి. అడిగినవాడు ముస్లిం పాలకుడు. ఇవి షరీఅత్‌లో నిషిద్ధమని తనకు తెలుసని మూసా ఆ జవాబు చివర్లో తానే రాశాడు. ఆయన వాదన ఏంటంటే, ఒంటికి ఏది మేలో, ఏది కీడో తెలిసినంత వరకు చెప్పడం వైద్యుడి పని, చెప్పకుండా దాచితే మోసం చేసినట్టు. పాటించాలా వద్దా అన్నది రోగి ఇష్టం. ధర్మం ఆజ్ఞాపిస్తుంది, వైద్యుడు తెలియజేస్తాడంతే. ఒప్పుకోకపోయినా సరే, దూరంగా కూర్చున్న సలహాదారు తన హద్దు ఎక్కడో చెప్పిన పద్ధతి చూడండి.

ఇంతకీ ఆయన వెళ్లి చూడొచ్చు కదా? 1199లో తన అనువాదకుడైన ఇబ్న్ తిబ్బోన్‌కు రాసిన ఉత్తరంలో తన దినచర్య చెప్పుకున్నాడు. పొద్దున్నే కైరో దర్బారుకు వెళ్లి, మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇల్లు చేరితే వాకిట్లో రోగులు నిండి ఉండేవారు. రాత్రికి మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు. అప్పటికి ఆయన 60 దాటినవాడు.

కంటితో చూడకుండా ఎలా?

యునానీ వైద్యంలో నబ్జ్ చూడాలి, అంటే చేయి పట్టుకుని నాడి చూడాలి. అది ఉత్తరంలో రాదు. ఖారూరా అయితే, అంటే సీసాలో మూత్రం, పంపొచ్చు. కానీ దానికీ ఇబ్న్ సీనా తన ‘అల్-ఖానూన్’లో షరతులు పెట్టాడు. తెల్లవారి వచ్చిన మొదటిదే కావాలి, ఎక్కువసేపు నిల్వ ఉండకూడదు. ఇవాళ ల్యాబ్ వాళ్లు కూడా ఇదే అంటారు. కాబట్టి దూరం నుంచి వైద్యం చేసేవాడికి మిగిలేది ఒక్కటే, పక్కనున్న మనిషి చెప్పే వివరం. ఓచర్లు సరిగ్గా లేకపోతే ఎంత పెద్ద ఆడిటర్ అయినా ఏం తేలుస్తాడు?

ఈ కిటుకు మూసా కంటే దాదాపు వెయ్యేళ్ల ముందే పట్టుకున్నది జాలీనూస్, అంటే గేలెన్. రెండో శతాబ్దంలో రోమ్‌లో ఉండేవాడు. స్పెయిన్, గాల్, ఆసియా, థ్రేస్ ప్రాంతాల నుంచి కళ్ల ముందు ఏవో కదులుతున్నాయని ఆయనకు ఉత్తరాలు వచ్చేవి. అది కంటిలో పొర కమ్మడం మొదలైనట్టా, లేక కడుపులో తేడా వల్లా? రెండింటికీ బాధ ఒకేలా ఉంటుంది, వైద్యం వేరు. గేలెన్ అడిగే ప్రశ్నలు ఇవి: ఒక కంటికా, రెండింటికా? రెండింటికీ ఒకేలా ఉందా? ఎన్ని నెలలైంది? రోజూ ఉంటుందా, వచ్చి పోతుందా? తిన్నది సరిగ్గా అరిగిన రోజు తగ్గుతోందా? రెండు కళ్లకూ సమానంగా ఉండి, నెలలు గడిచినా కంటిపాపలో మార్పు లేకుండా, అజీర్ణం ఉన్న రోజే ఎక్కువైతే అది కడుపు పని. అలాంటివారికి మందు పంపి నయం చేశానని ఆయనే రాసుకున్నాడు. ఆయన సిద్ధాంతం ఇప్పుడు నిలవదు, కానీ ప్రశ్నల వరస మాత్రం ఇప్పటి కంటి డాక్టర్ అడిగేదానికి పెద్ద దూరంలో లేదు.

హజ్ యాత్రికుల కోసం కూడా ఇలాంటి రచన ఒకటి ఉంది. తొమ్మిదో శతాబ్దంలో ఖుస్తా ఇబ్న్ లూఖా అనే క్రైస్తవ వైద్యుడు, మక్కా వెళుతున్న అబ్బాసీ అధికారి హసన్ ఇబ్న్ మఖ్లద్ వెంట తాను వెళ్లలేక, దారిలో రాగల బాధలన్నిటికీ ముందుగానే రాసి ఇచ్చాడు. అలసట, నీళ్లు, చెవి నొప్పి, దుమ్ము పడిన కళ్లు, ‘మదీనా నాడి’ కూడా. మదీనా నాడి అంటే మన పెద్దలకు తెలిసిన నారికురుపే. భారత్ దాని నుంచి బయటపడినట్టు 2000లో గుర్తింపు వచ్చింది.

ఉత్తరాల వైద్యం పెద్ద ఎత్తున సాగింది మాత్రం 18వ శతాబ్దపు యూరప్‌లో. ఎడిన్‌బరోలో విలియం కల్లెన్ అనే ప్రొఫెసర్ 1755 నుంచి 1790 దాకా నడిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు 5,000కు పైగా ఇప్పటికీ అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలా వరకు రోగులు కాదు, ఊళ్లో వాళ్లను చూసే వైద్యులే రాసినవి. మామూలుగా అయితే ఉత్తరం రాసినవాడి దగ్గర జవాబు ఉంటుంది, జవాబు ఇచ్చినవాడి దగ్గర ఏమీ మిగలదు. కల్లెన్ మాత్రం మొదట గుమాస్తాతో, 1781 నుంచి జేమ్స్ వాట్ తయారు చేసిన కాపీ యంత్రంతో తన జవాబులకు నకలు ఉంచుకున్నాడు. ఆవిరి యంత్రం వాట్ ఈయనే. అదే కాలంలో లొజాన్ వైద్యుడు తిస్సో 1761లో అచ్చువేసిన పుస్తకంలో, డాక్టర్‌కు కబురు పెట్టేముందు రోగి తరఫువాళ్లు జవాబు సిద్ధం చేసుకోవాల్సిన ప్రశ్నలు ఒక అధ్యాయంగా ఇచ్చాడు. వయసెంత, జబ్బు ఎప్పుడు మొదలైంది, ఇప్పటిదాకా ఏం వాడారు, ఈ తరహావి.

అయితే జ్వరం లాంటివి ఉత్తరం చేరేలోపే ముదిరిపోతాయి, లేదా తగ్గిపోతాయి. అందుకే ఈ వైద్యమంతా ఎక్కువగా ఏళ్ల తరబడి సాగే జబ్బులకే పనికొచ్చింది. అల్-అఫ్దల్‌దీ ఆ బాపతే.

ఇప్పుడు మన దగ్గర

ఆలస్యం అనే అడ్డంకి ఇప్పుడు పోయింది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ల టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. 2019 నవంబర్‌లో మొదలైన ఈ-సంజీవని పథకంలో డాక్టర్ నుంచి డాక్టర్‌కు సలహా అందే సేవను మొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. పల్లెలోని హెల్త్ సెంటర్‌లో ఉన్నవారు రోగిని చూసి వివరం చెబితే, పెద్దాసుపత్రి డాక్టర్ తెర మీద సలహా ఇస్తారు. సరిగ్గా కల్లెన్ పద్ధతే.

ఎవరి మాట వినాలన్న ప్రశ్నకు 2020 మార్చి 25న కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లో సూటిగా జవాబుంది. ఒక డాక్టర్ ఇంకో డాక్టర్ సలహా అడిగితే, వైద్యం చేసే డాక్టర్ మాత్రం అడిగినాయనే, బాధ్యత కూడా ఆయనదే. దూరం నుంచి చెప్పినాయన సలహాదారు. కాబట్టి హైదరాబాద్ డాక్టర్ మాట వేరుగా ఉంటే, ఆ మాటను చూసే డాక్టర్ ముందు పెట్టి కారణం అడగాలి తప్ప, ఆయనకు తెలియకుండా మందు మార్చకూడదు.

గల్ఫ్ కుటుంబాలు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మార్గదర్శకాలు భారత్ బయట ఉన్నవారి సంప్రదింపులకు వర్తించవని వాటిలోనే రాసి ఉంది. రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుక్కి ఇక్కడి డాక్టర్ వాట్సాప్‌లో చెప్పిన మందు వికటిస్తే, ఆ నిబంధనలు చూపించి అడగడానికి ఏమీ ఉండదు.