రాత్రంతా టీ... పరీక్షలో కునుకు

తొర్రూరు: పరీక్షలు దగ్గర పడ్డాయంటే చాలు, కాలేజీ విద్యార్థుల గదుల్లో పుస్తకాల పక్కన టీ ఫ్లాస్కు చేరుతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి, 2016లో మహబూబాబాద్ జిల్లాలో చేరిన ఈ పట్టణం వరంగల్-ఖమ్మం రహదారిపై ఉంది. పెద్దవంగర, నెల్లికుదురు వైపు పల్లెల నుంచి పిల్లలు ఇక్కడికి చదువు కోసం వస్తుంటారు. కొందరిది రోజూ బస్సు ప్రయాణం, కొందరిది అద్దె గది. ఏడాదంతా వాయిదా వేసిన పాఠాలను నాలుగు రాత్రుల్లో ముగించాలన్నది చాలామంది ఆరాటం.

అందుకు వారు నమ్ముకున్నది టీనే. అర్ధరాత్రి లోపు మూడు నాలుగు కప్పులు పడతాయి. ఆపై పడుకుందామన్నా నిద్ర రాదు. తెల్లవారితే తల భారం. అది దిగడానికి మళ్లీ టీ!

అలసట ఎటూ పోదు

టీ, కాఫీల్లోని కెఫీన్ చేసే పని ఇది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ నిద్ర తెప్పిస్తుంది. కెఫీన్ దాని దారికి అడ్డు నిలుస్తుంది. అలసట మాత్రం అలాగే ఉండి, కెఫీన్ ప్రభావం తగ్గగానే ఒక్కసారిగా మీద పడుతుంది. అది సరిగ్గా ప్రశ్నపత్రం చేతికొచ్చే వేళ కావచ్చు.

తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 5 గంటలు పడుతుంది. అంటే రాత్రి 10 గంటలకు తాగిన దానిలో సగం తెల్లవారుజామున 3 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది. కప్పు టీలో సుమారు 30 నుంచి 50 మిల్లీగ్రాములు, కాఫీలో 80 నుంచి 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 400 మిల్లీగ్రాములు దాటరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో సూచించింది. పడుకునే ముందు అంతకంటే చాలా తక్కువైనా కొందరికి నిద్ర చెడుతుంది.

మాత్రలోనూ అదే

రోజూ తాగేవారు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, మగత మొదలవుతాయి. వారం దాకా ఉండవచ్చు. తలనొప్పికి దుకాణంలో కొనే మాత్రలు కొన్నింటిలోనూ కెఫీన్ కలుస్తుంది. నొప్పి తగ్గుతుంది గానీ అలవాటు వదలదు. మాత్రల అట్ట మీద ఏమి రాశారో చదివి కొనడం మంచిది.

చదివింది మనసులో నిలవడానికి నిద్ర అవసరం. ఇంటర్ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటలు, డిగ్రీ విద్యార్థులకు 7 నుంచి 9 గంటల నిద్ర కావాలని వైద్య నిపుణుల మాట. నిద్ర మాని చదివిన పాఠం పరీక్ష హాల్లో గుర్తు రాకపోతే ఆ శ్రమంతా వృథాయే.

అలవాటున్నవారు రెండు మూడు రోజులకొక కప్పు చొప్పున తగ్గించుకుంటే తలనొప్పి బాధ అంతగా ఉండదు. మధ్యాహ్నం దాటాక టీ మానాలి. రాత్రి త్వరగా పడుకుని కోడికూతకు లేచి చదవడం మన పల్లెలకు కొత్త కాదు.

పత్తి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టిన తల్లిదండ్రులు, పిల్లల గదిలో అర్ధరాత్రి దాకా లైటు వెలుగుతుంటే మురిసిపోతారు. ఆ లైటు ఎప్పుడు ఆరుతున్నదో కూడా వారు ఒక కంట కనిపెట్టాలి.