సీసాలోని సువాసన, పెరటిలోని పరిమళము

హైదరాబాదు నగరమున అమీర్‌పేట కూడలివద్ద మైత్రీవనమను పెద్ద భవన సముదాయము కలదు. పేరులో వనమున్నదే గాని అచట మొదట కంటబడునవి చెట్లు కావు. కంప్యూటరు శిక్షణాలయముల బోర్డులు, వాటి క్రింద కరపత్రములు పంచు కుర్రవాండ్రు, ఒకవైపు పంజాగుట్టకు, మరొకవైపు ఎస్.ఆర్. నగరునకు ఎడతెగక సాగిపోవు జనము. ఆదిలాబాదు మొదలు శ్రీకాకుళము వరకు డిగ్రీ ముగించిన యువకులు, యువతులు ఎందరో ఉద్యోగపు చదువునకై కొన్ని నెలలిచట గడపినవారే. చుట్టుపట్ల వీధులన్నియు వారుండు హాస్టళ్లే. కావున మైత్రీవనము నగరములోని స్థలమే అయినను, మన గ్రామములకు సంబంధించిన విషయమునకు అచటినుండియే మొదలిడుట తగునని తలచుచున్నాము.

వేసవిలో ఒక సాయంకాలము మేమా వీధులలో తిరుగుచు ఒక చిన్న దుకాణము ముందర నిలిచితిమి. కరీంనగరు జిల్లా గ్రామమొకదానినుండి వచ్చిన యువకుడు మరునాటి ఇంటర్వ్యూ కొరకు ఒంటికి చల్లుకొను సుగంధపు స్ప్రే కొనుచుండెను. మాటలలో అతని గదిలోనున్న వస్తువులను లెక్కించితిమి. స్నానపు సబ్బు, ముఖమునకు వేరొక సబ్బు ద్రవము, షాంపూ, తలకు రాయు జెల్లు, స్ప్రే, పర్‌ఫ్యూమ్, టాల్కం పౌడరు, తెల్లబరచునను క్రీము. ఎనిమిది! ఇంటివద్ద నున్నప్పుడు సబ్బు, కొబ్బరినూనె తప్ప వేరెరుగడు. చంకలలో ఎఱ్ఱగా కమిలి దురద పెట్టుచున్నదని తానే చెప్పెను. మరి మరల ఎందుకు కొనుచుంటివి నాయనా అని అడిగితిమి.

"మంట పుడుతోంది సార్. కాని చెమట వాసనొస్తే రేపు ఇంటర్వ్యూలో ఏమనుకుంటారో!" అనెను.

ఈ భయమును తేలికగా తీసివేయరాదు. మధ్యాహ్నపు టెండలో, క్రిక్కిరిసిన మెట్రో బండిలో ప్రయాణము చేసి, నలుగురిలో కూర్చుండవలసిన వానికి దేహశుభ్రతనుగూర్చి చింత ఉండుట సహజమే. అయితే ఆ చింతను తీర్చుటకు ఎనిమిది వస్తువులు కావలయునా, వాటిలో ఏమున్నది, మన పెరటిలో దొరకునది ఏమి అను ప్రశ్నలకు సమాధానము అతనికే గాక, అతనికి నెలనెల డబ్బు పంపు తలిదండ్రులకు సహితము తెలియవలెను.

అతని చేతిలోని స్ప్రే డబ్బాను త్రిప్పి చూచితిమి. 2020 డిసెంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సౌందర్యసాధనముల నియమావళి ప్రకారము తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, ఎప్పటిలోగా వాడవలెనో ఆ గడువు, కలిపిన పదార్థముల పట్టిక ముద్రింపవలెను. పట్టిక ఉన్నది, కాని అందులో సువాసనకు సంబంధించినది "పర్‌ఫ్యూమ్" అను ఒక్క మాటయే. ఆ ఒక్క మాటక్రింద పదులకొలది పదార్థములు ఇముడవచ్చును. వాసననిచ్చునవి కొన్ని, వాసన త్వరగా ఎగిరిపోకుండ పట్టియుంచునవి కొన్ని, వాటిని కరగించు ద్రవములు కొన్ని. ఐరోపా దేశములలో 2005 నుండి చర్మమునకు ఎలర్జీ కలిగింపగల 26 సుగంధ పదార్థములు కొద్దిపాటి మోతాదు మించినచో వాటి పేర్లు విడివిడిగా ముద్రింపవలెనను నిబంధన వచ్చినది. 2023లో ఆ జాబితా ఎనుబదికి పైబడినది. మన దేశములో అమ్ము డబ్బాపై ఆ వివరము కొనువానికి సాధారణముగా దొరకదు. ఒకనికి ఏది పడనిదో తెలిసికొనవలెనన్న పేరు తెలియవలెను గదా!

కృత్రిమమైనదెల్ల విషమని మేమనుట లేదు. ఆ మాట కొందరు వ్యాపారమునకై చెప్పుచుందురు. అయితే అవసరము లేని చోట వాడుటవలన లాభము లేదు, కొన్నిటివలన నష్టమును కలదు. క్రిముల నశింపజేయునని సబ్బులలో విస్తారముగా కలిపిన ట్రైక్లోసాను విషయమే చూడుడు. మామూలు సబ్బు, నీటికంటె అది ఎక్కువ మేలు చేయునని తయారీదారులు ఋజువు చూపలేకపోయినందున, అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ 2016లో దానిని, మరి 18 పదార్థములను చేతులు, ఒడలు కడుగుకొను క్రిమినాశక సబ్బులనుండి తొలగింపవలెనని ఆజ్ఞాపించినది. ఇక తెల్లబరచు క్రీములలో, ముఖ్యముగా తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య లేక సంతలలో అమ్ముడువోవు వాటిలో, పాదరసము ఉండుట పలుమారులు పట్టుబడినది. పాదరసము చర్మముద్వారా లోనికి పోయి మూత్రపిండములను చెరచును. అట్టి డబ్బాను ఊరక ఇచ్చినను పుచ్చుకొనరాదు.

చెమట సంగతి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. అప్పుడే పుట్టిన చెమటకు దాదాపు వాసన లేదు. చంకలలోని ఒక విధమైన గ్రంథులనుండి వెలువడు చిక్కని ద్రవమును చర్మముపై నివసించు సూక్ష్మజీవులు విచ్ఛిన్నము చేయునపుడు దుర్వాసన పుట్టును. సుగంధపు స్ప్రే ఆ వాసనపై మరియొక వాసనను కప్పునే గాని మూలమును తొలగింపదు. చెమట నాపునట్టివి అల్యూమినియపు లవణములతో స్వేదరంధ్రములను తాత్కాలికముగా పూడ్చును. మన పటికయు అల్యూమినియపు లవణమే గాన, దానిని "రసాయనము లేనిది" అని చెప్పి అమ్మువారి మాట నిజము కాదు. అయినను స్నానానంతరము తడిసిన పటికను ఒక్కసారి చంకలలో రుద్దుకొనుట చౌకైన ఉపాయము; పుండు, గీతలు ఉన్నచోట మాత్రము కూడదు. దినమునకు రెండుసార్లు స్నానము, చంకలను బాగుగా కడిగి తడి లేకుండ తుడుచుట, ఉతికి ఎండలో ఆరవేసిన నూలుబట్ట — ఈ మూడింటితోనే చాలమందికి పని జరిగిపోవును. హాస్టలు గదులలో ఎండ తగలక మక్కిన చొక్కాలే సగము దుర్వాసనకు కారణమని మా అభిప్రాయము.

ఇప్పుడు పెరటివైపు వత్తము. పండుగనాడు మాత్రమే జ్ఞాపకము వచ్చు సున్నిపిండిని నిత్యము వాడుకొనవచ్చును. పెసలు ఒక కిలో, పచ్చి శనగపప్పు పావుకిలో, బియ్యము పిడికెడు, ఎండబెట్టిన గులాబీ రేకులు రెండు పిడికిళ్లు, కచ్చూరాలు, కస్తూరి పసుపు, శుభ్రము చేసి ముక్కలుగా కోసిన వట్టివేరు కొంచెము కొంచెము. అన్నియు ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి పిండిమరలో ఆడించి, జల్లించి, తడి తగలని డబ్బాలో పోయవలెను. పొడిగా నున్నంతకాలము ఇది చెడదు. నీటితో కలిపిన ముద్ద మాత్రము ఆ పూటకే. బజారులోని క్రీములలో నిలువయుంచు రసాయనములు కలుపుట ఇందుకే. నీరున్నచోట బూజు, సూక్ష్మజీవులు పెరుగును. ఇంటిలో చేసిన తడి వస్తువును నెలలతరబడి నిలువచేయుట బుద్ధిమంతుల పని కాదు.

తలకు కుంకుడుకాయ ఉండనే యున్నది. గింజ తీసిన పెచ్చులను వేడినీటిలో నానబెట్టి పిసికిన వచ్చు నురుగు సాపోనిను అను సహజ పదార్థమువలన కలుగునది. కండ్లలో పడినచో మండునని చిన్నపిల్లలందరికిని తెలిసినదే! ఆంధ్రప్రదేశములో 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కుంకుడు, శీకాయ వంటి అటవీ ఫలసాయమును గిరిజనులనుండి కొని అమ్ముచున్నది. పట్టణమున వాడిన ప్రతి కుంకుడుకాయ వెనుక అడవిలో దానిని ఏరిన చేయి ఒకటి యున్నది గదా. మైత్రీవనము ప్రాంతమున నుండువారు మెట్రోలో మూడు స్టేషన్ల దూరముననున్న ఎర్రగడ్డకు పోయినచో రైతుబజారు కలదు. కావలసిన దినుసులలో కొన్నైనను అచట దొరకును.

అయితే యువకులకు కావలసినది శుభ్రత మాత్రమే కాదు, సువాసన. అందు దోషమేమియు లేదు. దీనిని చేసికొను విధములను తెలిసికొనుటకు ముందు ఒక సంగతి గ్రహింపవలెను. అన్ని సుగంధములు ఒకే రీతిగా చేజిక్కవు. గులాబీ పరిమళము రేకులలోనే నిలిచియుండును గాన తెల్లవారుజామున కోసి ఆవిరి పట్టవచ్చును. ఒక కిలో గులాబీతైలమునకు మూడు నాలుగు వేల కిలోల పూవులు కావలయును. ఇరువది రూపాయల సీసాలో నిజమైన గులాబీ ఎంత యుండునో పాఠకులే ఊహింపవచ్చును. మల్లె తత్త్వము వేరు. కోసిన పిమ్మటకూడ మొగ్గ విచ్చుకొని గంటలకొలది పరిమళమును క్రొత్తగా పుట్టించి వదలుచుండును. దానిని మరిగించిన చచ్చిపోవును. అందువలన మన పెద్దలు నువ్వులను ఆశ్రయించిరి.

పొట్టు తీసిన నువ్వులను శుభ్రమైన గుడ్డపై పలుచగా పరచి, సాయంకాలము కోసిన మల్లెమొగ్గలను వాటిపై పరచి, మరల నువ్వులు, మరల మొగ్గలు, ఇట్లు వరుసలు పేర్చి కప్పియుంచవలెను. నూనె సువాసనను పట్టుకొను గుణము కలది. రాత్రియంతయు మొగ్గలు వదలిన పరిమళమును నువ్వులలోని నూనె పీల్చుకొనును. ఉదయమున వాడిన పూవులను ఏరి పారవేసి, నువ్వులను కొంచెము నీడలో ఆరనిచ్చి, ఆ సాయంకాలము మరల క్రొత్త మొగ్గలు. ఇట్లు వారము పది దినములు చేసి గానుగలో ఆడించిన వచ్చునది మల్లెనూనె. తడి పూవులు వేసినచో నువ్వులు బూజు పట్టును, ఒక్కరోజు అశ్రద్ధ చేసినను పని చెడును. పూలతోట యున్న ఇల్లాలికి ఇది ఖర్చు లేని పని. గుడిమల్కాపూరు పూలబజారునకు పంపగా మిగిలిన మొగ్గలు, ధర లేక పారబోయు నాటి మొగ్గలు ఇందుకు వినియోగపడును.

వట్టివేరు దీనికి వ్యతిరేకము. దాని తైలము బరువైనది, వేరులో బిగిసియుండి బట్టీలో పెట్టిన ఒక పగలు ఒక రాత్రియైనను పట్టును గాన ఇంటిలో తీయబూనుట వ్యర్థము. వేరును అట్లే బట్టలపెట్టెలో ఉంచుట మేలు. చొక్కాలకు పట్టు ఆ మట్టివాసన ఎన్ని స్ప్రేలకును రాదు (ఇది మా సొంత రుచి). ఎండిన మరువము, దవనము చిన్న నూలుసంచిలో కట్టి ఉంచినను అట్లే.

గులాబీనీరు మాత్రము ఇంటిలో తీయవచ్చును. వెడల్పైన గిన్నెలో నీరు, రేకులు వేసి, నడుమ ఒక రాతిపై చిన్న గిన్నె నుంచి, పై మూతను తలక్రిందులుగా పెట్టి దానిపై మంచుగడ్డలు వేసి సన్నని సెగపై కాచినచో, ఆవిరి చల్లని మూతకు తగిలి బొట్లుబొట్లుగా చిన్న గిన్నెలో పడును. ఫ్రిజ్జులో నుంచి వారము దినములలో వాడుకొనవలెను.

ఇక హెచ్చరిక. దీనిని చదువక పై విధములను ప్రారంభింపవద్దని కోరుచున్నాము. సున్నిపిండిలో బావంచాలు కలుపు ఆచారము పెక్కు ఇండ్ల నున్నది. మా ఇంటను ఉండెడిది. ఒక వేసవిలో వాసనకు బాగుండునని మేమే పాలు హెచ్చించి వేయించి, మెడకు, చేతులకు దట్టించి స్నానము చేసి, మండుటెండలో గ్రామపర్యటనకు బయలుదేరితిమి. మరుసటినాటికి మెడ కమిలి బొబ్బలు లేచెను. నల్లని మచ్చలు మాసిపోవుటకు రెండు నెలలు పట్టెను. బావంచాలలో సోరాలెను అను పదార్థము కలదు. అది చర్మముపై నుండగా ఎండ తగిలిన కాల్చినట్లగును. బొల్లికి వైద్యులు దీనిని తగు మోతాదులో, తమ పర్యవేక్షణలో వాడుట ఈ శక్తివలననే. నిమ్మరసము పూసికొని ఎండలోనికి పోయినను ఇట్టి అపాయమే. ప్రకృతినుండి వచ్చినంతమాత్రమున నిరపాయమను భ్రమ మమ్ము నట్లు శిక్షించినది! ఏ క్రొత్త పిండిని గాని, నూనెను గాని ముందుగా మోచేతి లోపలివైపున కొంచెము రాసి, రెండు దినములు చూచి, దురద, ఎఱుపు లేనిచో వాడవలెను. సుగంధతైలమును కలుపులేకుండ నేరుగా చర్మముపై పూయరాదు. పసిబిడ్డల ఒంటికి ఏ సువాసనయు అవసరము లేదు.

స్వయం సహాయక సంఘముల సోదరీమణులు కొందరు ఇవి చేసి అమ్మవచ్చునా యని అడుగుచుందురు. ఇంటివాడకమునకు అడ్డు లేదు. అమ్మకమునకు తయారుచేయునపుడు సౌందర్యసాధనముల నియమావళి వర్తించును. రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారుల కార్యాలయమున విచారించి లైసెన్సు పొందవలెను. నిమ్మగడ్డి, రోషాగడ్డి వంటి సుగంధపు పైరుల సాగునుగూర్చి, బట్టీలనుగూర్చి తెలిసికొనదలచిన రైతులు హైదరాబాదునకు చేరువ బోడుప్పలులో నున్న సీమాప్ పరిశోధన కేంద్రమును సంప్రదింపవచ్చును.

ఆ యువకుని రెండు నెలల పిమ్మట మరల కలిసితిమి. ప్రభుత్వ వైద్యుడు స్ప్రే మాన్పించి మందు వ్రాయగా చంకలలోని ఎఱుపు తగ్గినదట. గదిలో ఎనిమిదింటికి బదులు ఇప్పుడు మూడు వస్తువులున్నవి. సబ్బు, పటిక, తల్లి పంపిన సున్నిపిండి డబ్బా. చొక్కాల నడుమ వట్టివేరు కట్ట ఒకటి. కుంకుడుకాయలు మాత్రము హాస్టలు యజమాని రానీయడట. పెచ్చులు పడి స్నానపుగది గొట్టము పూడినదని పెద్ద రభస జరిగినదట. అందుచేత ఆ తల్లి ఇప్పుడు పెచ్చులను ఎండబెట్టి, మెత్తగా దంచి, గుడ్డలో జల్లించి పొట్లములు కట్టి పంపుచున్నది.